పాటల అంగడి

గ్రామఫోను రికార్డు అనగానే మన ఇళ్లలో పెద్దవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది పాట కాదు, కుక్క. రికార్డు నడుమ అంటించిన చీటీమీద, గొట్టం ముందు తల వాల్చి యజమాని గొంతును ఆలకిస్తూ కూర్చున్న ఆ కుక్కను ఎఱుగని తెలుగు ఇల్లు ఒకనాడు లేదు. కలకత్తా దగ్గర డమ్ డమ్‌లో అచ్చయి మన ఊళ్లకు వచ్చిన పాటలకూ, పద్యాలకూ, నాటకాలకూ అది కావలి కాచినది. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ వేసిన ఆ బొమ్మను లండనులోని గ్రామఫోను కంపెనీ 1899లో కొన్నది. ఆ బొమ్మ పేరే, హిజ్ మాస్టర్స్ వాయిస్, ఆ కంపెనీకి ఇంటిపేరువలె నిలిచిపోయినది. ఆ కుక్క పేర లండను నగరంలో ఒక అంగడి వెలసి, తొంబది సంవత్సరాలు వర్ధిల్లి, అటుపిమ్మట రెండు పర్యాయాలు దివాలా అంచుకు పోయి, మూతబడి, మరల అదే గుమ్మంలో తెరచుకొన్నది. బ్రిటను దేశపు రికార్డుల అంగళ్ల చరిత్ర యావత్తూ ఇంచుమించు ఈ ఒక్క అంగడి జాతకంలో ఇమిడి ఉన్నది.

ఆ అంగళ్లు ఎందుకు క్షీణించినవని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ఇంటర్నెట్టు వచ్చినది, జనం ఇంట కూర్చుండి కొనడం నేర్చినారు, అంగడి పోయినది. ఇది అబద్ధం కాదు గాని, నిజంలో సగం మాత్రమే. మిగిలిన సగంలో ఒక పన్ను చట్టం ఉన్నది, రెండు చిన్న ద్వీపాలు ఉన్నవి, కూరగాయలు అమ్మే పెద్ద వర్తకులు ఉన్నారు, ఇంటి అద్దెలు ఉన్నవి, కొందరు పెద్దమనుష్యుల ధీమా కూడా ఉన్నది. చరిత్ర చెప్పేవారు ఆ రెండవ సగాన్ని విడిచిపెట్టరాదు.

మొదటి నుండి వత్తాము. వేల్స్ దేశపు ముఖ్యపట్టణం కార్డిఫ్‌లో హెన్రీ స్పిల్లర్ అనే ఆయన 1894లో ఒక అంగడి పెట్టినాడు. అప్పటికి రికార్డు అనే పళ్లెం ఇంకా ఇంటింటి వస్తువు కాలేదు. ఆయన అమ్మినవి ఫోనోగ్రాఫు యంత్రాలూ, మైనపు గొట్టాలూ. తరువాత లక్క పళ్లేలు వచ్చినవి. ఆ లక్క చాలవరకు మన దేశపు అడవులలో చెట్టుకొమ్మలనుండి గీకి ఓడలెక్కించినదే. స్పిల్లర్స్ అంగడి చేతులు మారినది, చోటు మారినది, కాని మూతపడలేదు. ప్రపంచంలోకెల్లా పాత రికార్డుల అంగడి అని దానికి పేరు.

లండనులో కుక్కబొమ్మ అంగడి 1921 జూలైలో, ఆక్స్‌ఫర్డ్ వీథి 363వ నంబరు ఇంట తెరచినారు. ప్రారంభోత్సవం చేసినవాడు సర్ ఎడ్వర్డ్ ఎల్గార్. ఆనాటి ఆంగ్ల సంగీతకర్తలలో అగ్రగణ్యుడు. సంగీత విద్వాంసులు చాలమంది గ్రామఫోనును ఆటబొమ్మగా చూస్తున్న కాలంలో, 1914 నుండీ తన రచనలను తానే నడిపించి రికార్డు చేయించినవాడు ఆయన. అందుచేత ఆ ఉత్సవం కేవలం అంగడికి జరిగిన అలంకారం కాదు. ఒక పెద్ద విద్వాంసుడు ఈ పళ్లేనికి ఇచ్చిన యోగ్యతాపత్రం.

ఈ అంగళ్ల ప్రాణమంతా వినికిడి గదులలో ఉండేది. కొనదలచినవాడు రికార్డు అడిగి, చిన్న గదిలో తలుపు వేసుకొని, పూర్తిగా విని, నచ్చితే కొనేవాడు, నచ్చకుంటే తిరిగి ఇచ్చి పోయేవాడు. బట్టల అంగడిలో బట్ట తడిమి చూచినట్లే ఇదీ. పాట కంటికి కనపడే సరుకు కాదు కదా. వినకుండా కొనరాదు, విన్నాక దాచలేము. కాబట్టి పాటకొక చావడి కావలసి వచ్చినది. ఆ మరుసటి ఏడు, 1922లో, బి.బి.సి. పుట్టినది. ఇంట ఊరకే పాట వినవస్తూ ఉండగా రికార్డు ఎవరు కొంటారని సందేహించినవారూ ఉన్నారు. మా రేడియో వృత్తిలోని వారికి దీని సమాధానం తెలుసు. రాత్రి రేడియోలో విన్న పాటను తెల్లవారి అంగడిలో అడుగుతారు. పేరు తెలియదు, పాడినవారు తెలియదు. రెండు ముక్కలు కూనిరాగం తీస్తారు. అది ఏ పాటో పోల్చి, అరలో చెయ్యి పెట్టి తీసి ఇచ్చేవాడే నిజమైన రికార్డుల వర్తకుడు. ఆ విద్య పుస్తకాలలో లేదు. ఇరవై ఏండ్లు బల్ల వెనుక నిలబడితేనే అబ్బుతుంది.

ఆ విద్య ఎంతవరకు పోగలదో చెప్పడానికి లివర్‌పూల్ పట్టణంలోని ఒక ఉదంతం చాలు. ఎప్‌స్టీన్ కుటుంబంవారికి అక్కడ కుర్చీలూ, బల్లలూ, వాద్యాలూ అమ్మే నెమ్స్ అనే వ్యాపారం ఉండేది. రికార్డుల విభాగం కుమారుడు బ్రయన్ చేతిలో పెట్టినారు. అడిగిన రికార్డు లేదని ఎవరినీ పంపరాదని ఆయన నియమం. 1961లో ఒక కుఱ్ఱవాడు వచ్చి జర్మనీలో అచ్చయిన ఒక పాట అడిగినాడనీ, దానికోసం వాకబు చేయగా వాద్యం వాయించినవారు తన అంగడికి కూతవేటు దూరంలోనే నేలమాళిగలో వాయిస్తున్నారని తెలిసినదనీ ఆయన తరువాత వ్రాసుకొన్నాడు. కుఱ్ఱవాని సంగతి కల్పన అన్నవారూ లేకపోలేదు. అది ఎట్లున్నా, నవంబరులో ఆయన ఆ మాళిగలోకి దిగినమాట నిజం. వాయించినవారు బీటిల్స్.

కథలో రెండవ అంగడి ఆక్స్‌ఫర్డ్ వీథిలోని కుక్కబొమ్మ అంగడియే. డెక్కా కంపెనీవారు బీటిల్స్‌ను వద్దన్న తరువాత, 1962 ఫిబ్రవరిలో ఎప్‌స్టీన్ తనవద్ద ఉన్న టేపులను పళ్లేలుగా కోయించుకొనడానికి అక్కడికి వచ్చినాడు. రుసుము ఇచ్చినవారికి రికార్డు కోసి ఇచ్చే విభాగం ఆ అంగడిలో ఉండేది. కోసిన సాంకేతికుడు విని మెచ్చి, అదే భవనంలో పై అంతస్తున ఉన్న పాటల ప్రచురణకర్తలవద్దకు పంపినాడు. వారు పార్లఫోన్ సంస్థలోని జార్జ్ మార్టిన్ వద్దకు దారి చూపినారు. ఒక అంగడివాడు అడిగిన సరుకు వెదకడంతో మొదలై, మరొక అంగడిలోని పనివాడు చెవి ఒగ్గి వినడంతో ముడిపడిన కథ ఇది. నడుమ ఏ గొలుసు తెగినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు.

తపాలాలో రికార్డులు అమ్మడం ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. రిచర్డ్ బ్రాన్సన్ అనే యువకుడు 1970లో వర్జిన్ పేర పత్రికలో ప్రకటన వేసి, డబ్బు పంపినవారికి తక్కువ ధరకు రికార్డులు పోస్టులో పంపే వ్యాపారం మొదలుపెట్టినాడు. 1971 జనవరిలో బ్రిటిషు తపాలా ఉద్యోగులు సమ్మె కట్టినారు. అది మార్చి వరకు, 47 దినాలు సాగినది. ఉత్తరాలు లేవు, డబ్బు రాదు, సరుకు పోదు. గత్యంతరం లేక వర్జిన్‌వారు ఆక్స్‌ఫర్డ్ వీథిలో ఒక చెప్పుల అంగడి మీది మేడలో చిన్న దుకాణం తెరచినారు. తరువాత దేశమంతటా వ్యాపించిన ఆ పెద్ద అంగళ్లకు మొదటి మెట్టు అదే. ఆ సమ్మె రోజులలో మరొక విచిత్రం కూడా జరిగినది. ఏ పాట ఎన్ని అమ్ముడుపోయినదో ఎంపిక చేసిన దుకాణాలవారు చిట్టాలలో వ్రాసి వారంవారం పోస్టులో పంపితే, వానిని కూడి ప్రథమస్థానం ఎవరిదో ప్రకటించేవారు. చిట్టాలు చేరక ఆ జాబితా కూర్చడమే దుస్తరమైనది. దేశంలో ఏ పాట గెలిచినదో చెప్పగలిగినది అంగడివాని చిట్టా ఒక్కటే అన్నమాట! రికార్డు కంపెనీలవారు ఆ చిట్టాల అంగళ్లను తెలిసికొని, వారికి ఉచితంగా సరుకు ఇచ్చి మంచిచేసుకొనేవారన్నది వేరే సంగతి.

1976లో లండను పడమటి పేటలో జెఫ్ ట్రావిస్ రఫ్ ట్రేడ్ అనే అంగడి పెట్టినాడు. పెద్ద కంపెనీల గడప తొక్కలేని కుఱ్ఱవాళ్లు అప్పు చేసి వేయి రికార్డులు అచ్చువేయించి సంచీలో పెట్టుకొని వస్తే, వారి సరుకు కొని అరలో పెట్టిన అంగడి అది. తక్కిన పట్టణాలలోని ఇటువంటి అంగళ్లు, లివర్‌పూల్‌లో ప్రోబ్, యార్క్‌లో రెడ్ రైనో, బ్రిస్టల్‌లో రివాల్వర్ మొదలైనవి, దీనితో చేతులు కలిపి తమలో తాము సరుకు పంచుకొనే కూటమి కట్టినవి. కంపెనీల లారీలు లేకుండా ఒక ఊరి పాట మరొక ఊరు చేరిన త్రోవ ఇదే.

ఇంకొక రకపు అంగళ్లను చరిత్రకారులు తరచుగా మరచిపోతారు. లండనులోని బ్రిక్స్‌టన్ పేటలో జమైకా నుండి వచ్చిన వారి రికార్డుల అంగళ్లు ఉండేవి. సౌతాల్‌లో పంజాబువారి అంగళ్లు. కింగ్‌స్టన్‌లోనో బొంబాయిలోనో అచ్చయిన కొత్త రికార్డు అక్కడికి చేరేది. వలస వచ్చినవారికి అవి అంగళ్లుగా కంటె రచ్చబండలుగా ఎక్కువ ఉపయోగపడినవి. అద్దెకు గది ఎక్కడ దొరుకునో, పెండ్లికి మేళం ఎవరిదో, ఊరినుండి ఎవరు వచ్చినారో అక్కడే తెలిసేది. పాట కొనకున్నా నిలబడి వినవచ్చును. ఈ అంగళ్లు మూతపడినప్పుడు పత్రికలు పెద్దగా వ్రాయలేదు. ప్రసిద్ధులైన పాటగాళ్లు వచ్చి సంతకాలు చేయలేదు.

ఇక పతనానికి వత్తాము. దాని విత్తనం విజయంలోనే పడినది. 1982లో జపానులోను, 1983లో ఐరోపాలోను కాంపాక్టు డిస్కు వచ్చినది. అంగళ్లకు స్వర్ణయుగమే వచ్చినది. ఇంట ఉన్న పాత రికార్డులనే జనం మరల కొత్త రూపంలో కొన్నారు. 1986లో కుక్కబొమ్మవారు ఆక్స్‌ఫర్డ్ వీథి 150వ నంబరులో, ప్రపంచంలో అంతటి రికార్డుల అంగడి లేదని చాటుకొంటూ ఒక మహాభవనం తెరచినారు. అదే ఏడు అమెరికానుండి టవర్ రికార్డ్స్‌వారు పికడిలీ కూడలికి వచ్చినారు. అప్పుడు ఎవరి కంటా పడని విషయం ఒకటి ఉన్నది. లక్క పళ్లెం పగులుతుంది, ప్లాస్టిక్ ఎల్.పి. ఎండకు వంగుతుంది, రెండిటినీ తపాలాలో పంపడం భయమే. ఈ కొత్త బిళ్ల అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, బరువు లేదు, వినడానికి ముందు చూచుకోవలసిన గీతలు లేవు, తలుపులోని ఉత్తరాల సందులోనుండి దిగుతుంది. అంగడికి ఐశ్వర్యం తెచ్చిన వస్తువే అంగడి అక్కరలేని వస్తువు కూడా.

మొదటి దెబ్బ కొట్టినది ఇంటర్నెట్టు కాదు, సూపర్ మార్కెట్లు. టెస్కో, ఆస్డా వంటి వర్తకులు అన్ని రికార్డులూ అమ్మరు. బాగా అమ్ముడుపోయే కొద్ది పాటలు మాత్రం తెచ్చి, లాభం లేకుండానైనా చవుకగా ఇచ్చి, పాలూ రొట్టెలూ కొనడానికి జనాన్ని రప్పిస్తారు. రికార్డుల అంగడివాడు ఆ కొద్ది పాటల లాభంతోనే తక్కిన వేలకొద్ది రికార్డులను ఏండ్లకొద్దీ అరలలో నిలువ ఉంచగలిగేవాడు. మీగడ ఒకరు తీసికొనిపోయినారు, మజ్జిగ కుండ ఇతనికి మిగిలినది.

రెండవ దెబ్బ పన్నుది. దీనిని కొంచెం వివరించవలెను. విదేశంనుండి వచ్చే అల్పమైన పొట్లాలమీద పన్ను వసూలు చేయడానికయ్యే ఖర్చు పన్నుకంటె ఎక్కువ అని, 1983 నాటి ఐరోపా ఆదేశం ఒకటి అట్టి పొట్లాలకు మినహాయింపు ఇవ్వవచ్చునన్నది. బ్రిటను ఆ హద్దును 18 పౌనులుగా ఉంచినది. ఇంగ్లీషు కాలువలోని జెర్సీ, గర్న్సీ ద్వీపాలు బ్రిటిషు రాజు ఏలుబడిలోనివే అయినా, వ్యాట్ పన్ను విషయంలో అవి పరాయి భూములు. అక్కడి తోటలవారు పూలు పంపుకొనడానికి ఆ సౌకర్యం పనికివచ్చేది. 1998లో జెర్సీలో పుట్టిన ప్లే డాట్ కామ్ మొదలుగా వర్తకులు ఆ దారి పట్టినారు. ఇంగ్లండులోనే ఉన్న రికార్డులను ఓడమీద ద్వీపానికి పంపి, అక్కడ కవరులో పెట్టి, తిరిగి ఇంగ్లండుకే పోస్టు చేసినారు. చెయ్యి తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకొన్నట్లు. కాని ఆ తిప్పుటలో పన్ను పూర్తిగా రాలిపోతుంది. నూటికి 17.5 వంతున, పది పౌనులకు అమ్మే రికార్డులో ఇంచుమించు ఒక పౌను 49 పెన్నీలు పన్ను. ఊళ్లోని అంగడివాడు దానిని ప్రభుత్వానికి కట్టవలెను, అద్దె కట్టవలెను, జీతాలు ఇవ్వవలెను. ద్వీపంనుండి అమ్మేవాడు ఆ పన్ను కట్టనక్కరలేదు. ఈ పందెంలో ఒకరు నేర్పరితనంచేత గెలిచినారనీ మరొకరు కాలజ్ఞానం లేక ఓడినారనీ చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. వింత ఏమనగా, కుక్కబొమ్మవారు కూడ తమ ఇంటర్నెట్టు అమ్మకాలను గర్న్సీనుండే సాగించినారు. తమ కొట్టుకు తామే పోటీ!

పోస్టులో రికార్డులు అమ్ముకొనే ఒక చిన్న వర్తకుడు, ఈ ద్వీపపు సరుకుతో వ్యాపారం చితికి, తనవంటివారిని కూడగట్టి, బ్రస్సెల్సులోని ఐరోపా కమిషను వరకు ఫిర్యాదు మోసికొని పోయినాడు. చివరకు బ్రిటిషు ప్రభుత్వం 2011 నవంబరులో హద్దును 15 పౌనులకు దించి, 2012 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ ద్వీపాల పొట్లాలకు మినహాయింపు పూర్తిగా ఎత్తివేసినది. ద్వీపాలవారు న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయినారు. మరుసటి ఏడు ప్లే డాట్ కామ్ తన సొంత సరుకు అమ్మడం మానుకొన్నది. కాని వాన వెలిసిన తరువాత గొడుగు ఇచ్చినట్లయినది. ఒక లెక్క ప్రకారం 1980వ దశకంలో బ్రిటనులో 2,200 దాకా ఉన్న స్వతంత్ర రికార్డుల అంగళ్లలో 2009 నాటికి 269 మాత్రమే మిగిలినవి.

పెద్ద అంగళ్ల సంగతి వేరు. వారికి హెచ్చరిక అందినది. ఇంటర్నెట్టు వర్తకులు, పాటల దిగుమతి, సూపర్ మార్కెట్ల చవుక ధరలు అనే మూడు ముప్పులు ముంచుకొని వస్తున్నవని 2002లో కుక్కబొమ్మ సంస్థ పెద్దలకు చెప్పినట్లు, వారికి ప్రకటనలు చేసిపెట్టిన ఒకాయన పదేండ్ల తరువాత వెల్లడించినాడు. ఆయన చెప్పినదాన్నిబట్టి, సంస్థ అధిపతి కోపగించి, దిగుమతి అనేది నాలుగునాళ్ల ముచ్చట అని కొట్టిపారవేసినాడట. ఆ ఏడు సంస్థ లాభాలలో ఉన్నది. లాభాలలో ఉన్నవాని చెవికి ఇటువంటి మాట ఎక్కదు.

2008 నవంబరులో వూల్‌వర్త్స్ కూలినది. 1909నుండి బ్రిటనులో ఉన్న ఆ చిల్లర అంగళ్ల సంస్థకు అనుబంధంగా రికార్డులను టోకున సరఫరా చేసే శాఖ ఒకటి ఉండేది. అదీ కూలడంతో, దానిమీద ఆధారపడిన జావీ అంగళ్లు క్రిస్మస్‌కు ముందునాడే దివాలా ప్రకటించినవి. జావీ అనగా మరేమో కాదు. అంతకు ముందటి ఏడు పేరు మార్చుకొన్న వర్జిన్ అంగళ్లే. తపాలా సమ్మె పుట్టించిన అంగళ్లు ఈ విధంగా ముగిసినవి. అప్పటికే 1999లో నాప్‌స్టర్ వచ్చి పాటలను ఊరకే పంచడం నేర్పినది. 2004లో ఐట్యూన్స్ బ్రిటనుకు వచ్చి విడిపాటలు అమ్మినది. 2008 అక్టోబరులో స్పాటిఫై వచ్చి, కొనడమే అనవసరమన్నది. కుక్కబొమ్మ అంగడి 2013 జనవరిలో ఒకమారు, 2018 డిసెంబరులో మరొకమారు కోర్టు ఆధీనపు నిర్వహణలోకి పోయినది. 150వ నంబరు మహాభవనం 2014లోను, 363వ నంబరు పాత ఇల్లు 2019లోను మూతపడినవి.

మన దేశంలో కథ ఇట్లు జరుగలేదని చెప్పవలెను. ఇక్కడ రికార్డుల అంగడిని ముందుగా తిన్నది 1980వ దశకపు క్యాసెట్టు. రికార్డు ధరలో కొద్ది వంతుకే, కిళ్లీకొట్టులో కూడా దొరికినది. తరువాత సి.డి., ఆ పిమ్మట మన బజార్లలో సెల్‌ఫోను చిప్పులోకి కొద్ది డబ్బులకు వందల పాటలు ఎక్కించి ఇచ్చే కొట్లు. ఇంటర్నెట్టు వర్తకం వచ్చేసరికి పడగొట్టడానికి మిగిలినవి తక్కువ. బొంబాయి కాలా ఘోడా పేటలో 1940వ దశకంనుండి ఉన్న రిథమ్ హౌస్ మాత్రం 2016 ఫిబ్రవరి ఆఖరున మూతపడినప్పుడు, అక్కడ చిన్ననాట వినికిడి గదులలో నిలబడినవారు ఊరూరనుండి వచ్చి చూచిపోయినారు. కుక్కబొమ్మ కంపెనీవారి భారతీయ శాఖ, ఇప్పటి సరిగమ సంస్థ, 2017లో ఐదువేల పాత పాటలు నింపిన ఒక పెట్టెను అమ్మకానికి పెట్టినది. దాని రూపు పాత ట్రాన్సిస్టరు రేడియోది! మా వృత్తివారికి అది కొంత గర్వమూ, కొంత నవ్వూ తెప్పించినది.

బ్రిటనులో తిరిగి అంగళ్లు తెరచుకొంటున్నవి. 2008 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలైన రికార్డు అంగళ్ల దినోత్సవం అక్కడికీ వచ్చినది. ఆ రోజున అంగడిలో మాత్రమే దొరికే రికార్డులకోసం జనం తెల్లవారుజామునే బారులు తీరుతారు. 2007లో రెండు లక్షలకు దిగిపోయిన ఎల్.పి. అమ్మకాలు 2023 నాటికి 59 లక్షలకు పెరిగినవి. స్వతంత్ర అంగళ్ల సంఖ్య మరల నాలుగు వందలు దాటినది. అయితే ఇవి వెనుకటి అంగళ్లు కావు. ఎల్.పి. ఇప్పుడు ఖరీదైన వస్తువు. వారం కూలిలో కొంత తీసి శనివారంనాడు ఒక పాట కొనుక్కొనే కుఱ్ఱవాడు ఇక్కడికి రాడు, ఫోనులో వింటాడు. బ్రిక్స్‌టన్ అంగడిలో కొనకుండ నిలబడి వినిన వానికి ఇక్కడ చోటు ఉన్నదా అనేది నాకు సందేహం.

కార్డిఫ్‌లోని స్పిల్లర్స్‌కు 2006లో అద్దె పెరిగి మూసివేత గండం వచ్చినది. వేలమంది అర్జీమీద సంతకాలు చేసినారు. వేల్స్ శాసనసభ్యులూ, పేరుపొందిన గాయకులూ పలికినారు. 2010లో అంగడి ఆ వీథి విడిచి, దగ్గరలోని మోర్గాన్ ఆర్కేడ్ అనే కప్పు వేసిన పాత బజారులోనికి మారినది, అక్కడ నడుస్తున్నది. లండనులోని 363వ నంబరు ఇంట కుక్కబొమ్మవారు పోయిన తరువాత అమెరికా మిఠాయిల దుకాణం పెట్టినారు. అది పోయి, 2023 నవంబరులో, కెనడా దేశపు కొత్త యజమాని చేతిలో, ఎల్గార్ తెరచిన ఆ గుమ్మానికి కుక్కబొమ్మవారి పేరుపలక తిరిగి ఎక్కినది. లోపల రికార్డులతోపాటు బొమ్మలూ, టీ షర్టులూ అమ్ముతున్నారు.